మా ఊళ్లో చూడ్డానికేముంది?



చిన్ననాటి స్నేహితురాలు ఒకామె, చాలా ఏళ్ల తర్వాత, "సెలవులకు నాలుగు రోజులు మీ ఊరు వస్తానే" అని కబురు చేసిందనుకోండి. మనకు సంతోషం పట్టదు. దుప్పట్లు ఉతికి ఆరేస్తాం, ఆవకాయ జాడీ కిందికి దింపుతాం, ఆమెకు ఏ కూర ఇష్టమో గుర్తు తెచ్చుకుంటాం. అంతలో ఆవిడ "మీ ఊళ్లో చూడదగ్గవి ఏమున్నాయే?" అని అడుగుతుంది. అక్కడ మాత్రం మనకు మాట తోచదు. "మా ఊళ్లో చూడ్డానికేముందే! నువ్వు రా, కూర్చుని కబుర్లు చెప్పుకుందాం" అని దాటేస్తాం.

మా మిర్యాలగూడ వాళ్లమైతే ఈ మాట మరీ తొందరగా అంటాం. ఇక్కడ చార్మినారుందా, సముద్రముందా? బియ్యం మిల్లులు, ధాన్యం లారీలు, ఎండ, ఊక దుమ్ము. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఊరికే అన్నారా! రోజూ ఎదురుగా వుండేది కంటికి ఆనదు.

వచ్చిన చుట్టానికి ఆ ఇబ్బంది లేదు. ఆమె కనబడిన ప్రతిదాన్నీ అడుగుతుంది. "ఇదేమిటి? ఎప్పటిది? ఎవరు కట్టారు?" అని ఆమె అడిగేసరికి మనం కూడా ఆగి ఆ వైపు చూస్తాం. పాతికేళ్లుగా ఆ దారినే కూరగాయలకు వెళ్తున్నా ఆ ప్రశ్న మనకు రాలేదు మరి! ఇవాళ ఆ మూడో ప్రశ్న పట్టుకుని, వచ్చిన స్నేహితురాలితో పాటు మా చుట్టుపక్కల నాలుగు రోజులు తిరిగి వద్దాం. "ఎవరు కట్టారు?" అన్న ప్రశ్నకు మా ప్రాంతంలో వచ్చే జవాబులు వింటే మీరు ఆశ్చర్యపోతారు.

మొదటి ప్రశ్న స్టేషను నుంచి ఇంటికి వచ్చే దారిలోనే పుడుతుంది. "ఇన్ని మిల్లులేమిటే ఇక్కడ?" అంటుంది. ఒక ఊరి చుట్టూ ఇన్ని బియ్యం మిల్లులుండటం నిజంగానే అరుదు. ధాన్యాన్ని నీళ్లలో నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తే వచ్చేది ఉప్పుడు బియ్యం. మన ఇళ్లలో వండుకునేది పచ్చి బియ్యమే గాని, ఉప్పుడు బియ్యానికి కేరళ, తమిళనాడుల్లో గిరాకీ ఎక్కువ. మిల్లులో వృథాగా పోయేదంటూ దాదాపు ఏమీ లేదు. ఊక బాయిలరు కిందికి పోతుంది, తవుడు నూనెకు పోతుంది. యంత్రాలతో ఆరబెట్టడం రాకముందు మిల్లు ముందున్న కళ్లాల మీద, మండే ఎండలో, కాళ్లతో తిరగేస్తూ ధాన్యం ఆరబెట్టింది చాలామటుకు ఆడకూలీలే.

"మరి ఇంత ధాన్యం ఎక్కణ్ణించి వస్తోంది?" అంటే ఆమెను కాలవ గట్టు మీదికి తీసుకుపోవాలి. నాగార్జునసాగర్ ఎడమ కాలవ అది. లాల్ బహదూర్ కాలవ అని పేరు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపుల పొలాలను తడిపి ఖమ్మం జిల్లాలోకి పోతుంది. ఈ కాలవ రాకముందు ఇక్కడ చాలాచోట్ల మెట్ట పంటలే. జొన్న, సజ్జ, కంది, ఆముదం. చెరువు కిందా, బావి కిందా వున్న కాస్త మడిలో వరి పండేది. జొన్నన్నం, గటుక రోజూ తినేవి. వరన్నం పండగ పూట భోజనం. ఈ మాట మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే ఇంకా బాగా చెబుతారు.

సాగర్‌కు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీళ్లు వదిలారు. మధ్యలో గడిచినవి పన్నెండేళ్లు. 124 మీటర్ల ఎత్తు, 26 గేట్లు వున్న ఆ ఆనకట్టను కాంక్రీటు పోసి కట్టలేదు, రాతితో కట్టారు. రాతికట్టడపు ఆనకట్టల్లో ప్రపంచంలోనే చాలా పెద్దదని పేరు. పెద్ద యంత్రాలు తక్కువగా వాడి, మనుషుల చేతుల మీదే ఎక్కువ పని నడిపించారు. ఆ రోజుల ఫొటోలు దొరికితే చూడండి. సారవల మీద చీమల బారుల్లా జనం. ఆ బారుల్లో నెత్తిన తట్టలు పెట్టుకున్న ఆడవాళ్లు కనిపిస్తారు. ఇవాళ మన పళ్లెంలో అన్నం వుందంటే ఆ తట్టలు మోసిన తల్లుల చలవ కూడా అందులో వుంది. వాళ్ల పేర్లు మాత్రం మనకు తెలియవు. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

రెండో రోజు ఆమెను సాగర్‌కు తీసుకెళ్తాం. గేట్లు, నీళ్లు చూసి అందరూ "అబ్బో!" అంటారు. ఆ నీళ్ల అడుగున ఒక రాజధాని వుందని చెప్పినప్పుడు మాత్రం ఎవరైనా ఒక్క క్షణం మాట్లాడకుండా నిలబడతారు. క్రీస్తుశకం 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజులు ఏలిన విజయపురి ఆ లోయలో వుండేది. 1926లో ఆ శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. ప్రాజెక్టు వస్తోందని తెలిశాక, 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖవారు లోయంతా తవ్వి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు. ఆ కొండే ఇప్పుడు నీళ్ల మధ్య దీవిగా మిగిలిన నాగార్జునకొండ. లాంచీలో వెళ్లి అక్కడి మ్యూజియం చూడొచ్చు.

అక్కడ "ఎవరు కట్టారు?" అని అడిగితే జవాబు శాసనాల్లోనే వుంది. శాంతమూలుడనే రాజుకు చాంతిసిరి అని ఒక చెల్లెలు. ఆ రాజుగారు అశ్వమేధం చేసినవాడు, వైదిక ధర్మం పాటించినవాడు. ఇంటి ఆడపడుచులేమో బౌద్ధం వైపు. అక్కడి మహాచైత్యానికి స్తంభాలెత్తించి దానాలు చేసింది చాంతిసిరి. అన్నగారి మతం ఒకటి, చెల్లెలి భక్తి మరొకటి. అయినా ఇద్దరూ ఒకే ఊళ్లో తమ తమ పనులు చేసుకున్నారు.

చాంతిసిరి రాజుగారి చెల్లెలు కాబట్టి చేయగలిగిందంటారేమో. అయితే బోధిసిరి సంగతి వినండి. ఆమె రాణి కాదు. ఉపాసిక, అంటే సంసారంలో వుంటూనే బౌద్ధధర్మం పాటించే ఇల్లాలు. ఆమె సింహళ దేశపు భిక్షువుల కోసం అక్కడ చైత్యం కట్టించింది. శాసనంలో తన బంధువర్గం పేర్లు వరసపెట్టి చెప్పింది. మరెక్కడెక్కడ ఏమేమి కట్టించిందో కూడా రాయించింది. కంటకసేలలో ఒక రాతి మండపం కట్టించానని వుంది అందులో. కంటకసేల అంటే ఇవాళ్టి కృష్ణా జిల్లా ఘంటసాల అని చరిత్రకారుల మాట. పద్దెనిమిదివందల ఏళ్ల కింద ఒక ఇల్లాలు తాను చేసిన పనుల జాబితా తానే రాయించుకుంది! మనం నెల ఖర్చుల పుస్తకం తప్ప ఇంకేమైనా రాసుకుంటున్నామా చెప్పండి.

మన పొలాలకు నీళ్లొచ్చాయి. ఆ తల్లులు కట్టించిన లోయ మునిగింది. ఈ రెండూ ఒకే కథలో రెండు పుటలు. చుట్టానికి ఆనకట్ట చూపించి రెండో పుట చెప్పకపోతే సగం చూపించినట్టే.

మూడో రోజు వాడపల్లి. మిర్యాలగూడకు సుమారు పాతిక కిలోమీటర్లు, దామరచర్ల మీదుగా. మీ స్నేహితురాలిది హైదరాబాదైతే ఆమెను ఇక్కడికి తప్పకుండా తీసుకురావాలి. ఎందుకంటారా? అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు నడిబొడ్డున పారే మూసీనది ఇక్కడే కృష్ణలో కలుస్తుంది. నగరంలో వంతెన దాటేటప్పుడు ముక్కు మూసుకునే మూసీ ఇక్కడ సంగమ తీర్థమై జనం చేత దణ్ణాలు పెట్టించుకుంటోంది. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు వేలాదిమంది ఇక్కడ మునకలు వేశారు. ఊరి మధ్య మురికి కాలవ అనుకున్నది ఎక్కడికి పోతోందో, ఎవరి పొలానికి, ఎవరి నోటికి చేరుతోందో ఆమెకు ఇక్కడ నిలబడితే తెలుస్తుంది. చూసేది మన ఊరు, గుర్తుకొచ్చేది ఆమె ఊరు!

సంగమం ఒడ్డున మీనాక్షీ అగస్త్యేశ్వర స్వామి గుడి వుంది. శివలింగం తల మీద గుంటలు, అందులో నీళ్లు. బోయవాడు తరుముతుంటే ఒక పిట్ట వచ్చి శివుణ్ణి శరణు వేడిందనీ, దాన్ని కాపాడటానికి స్వామి తన తలలోంచి మాంసం తీసుకొమ్మన్నాడనీ, ఆ గుంటలు బోయవాడి వేళ్ల గుర్తులనీ స్థలపురాణం. దగ్గర్లోనే లక్ష్మీనరసింహస్వామి గుడి. గర్భగుడిలో రెండు దీపాలుంటే ఒకటి నిలకడగా, ఒకటి రెపరెపలాడుతూ వుంటుంది. స్వామి ఊపిరి తగిలి ఆ దీపం కదులుతోందని భక్తులు నమ్ముతారు. ఈ కథలు మన పిల్లలకు కూడా చెప్పి వుండం. చుట్టం వచ్చిందన్న నెపంతో వాళ్లనూ వెంట తీసుకెళ్లండి. ఆమెకు చెప్పేటప్పుడు పక్కనుండి వింటారు.

నాలుగో రోజు సూర్యాపేట. 2016 దాకా మాదంతా ఒకే నల్గొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట వేరే జిల్లా. హైదరాబాదు, విజయవాడల మధ్య తిరిగేవాళ్లందరూ టీ తాగడానికి ఆగే ఊరు అది. ఆ ఊరికి దగ్గర్లోనే వున్న పిల్లలమర్రికి మాత్రం ఎందరు పోతారు?

పిల్లలమర్రి కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్ల ఊరు. గణపతిదేవ చక్రవర్తి ఏలుతున్న కాలం. 1202లో నామిరెడ్డి ఒక శివాలయం కట్టించాడు. ఆయన పేర అది నామేశ్వరం. ఆరేళ్ల తర్వాత, 1208లో, అదే ఊళ్లో ఇంకో గుడి లేచింది. ఎత్తయిన అరుగు, రాతి మెట్లు, అద్దంలా నునుపు తేరిన నల్లరాతి స్తంభాలు. వేలితో తాకితే ఇవాళ్టికీ చల్లగా, నున్నగా తగులుతాయి. దాని పేరు ఎరకేశ్వరం. కట్టించింది బేతిరెడ్డి భార్య ఎరకసాని. మొగుడి పేరు పెట్టలేదు, మామగారి పేరూ పెట్టలేదు. గుడికి తన పేరే పెట్టుకుంది. ఎనిమిది వందల ఏళ్లుగా ఆ ఊళ్లో దేవుణ్ణి పిలిచిన వాళ్లందరూ ఆ ఇల్లాలి పేరు కూడా కలిపి పలుకుతున్నారు.

ఇంకో లెక్క కూడా చెబుతాను. మనమందరం గొప్పగా చెప్పుకునే రామప్ప గుడి 1213 నాటిది. అదీ రేచర్ల వంశపు రుద్రుడే కట్టించాడు. 2021 జూలైలో దానికి ప్రపంచ వారసత్వ హోదా వచ్చినప్పుడు మనం టీవీల ముందు కూర్చుని చప్పట్లు కొట్టాం. ఆ రామప్పకు అయిదేళ్ల ముందే మన సూర్యాపేట పక్కన ఎరకసాని గుడి నిలబెట్టింది. చప్పట్లు కొట్టిన మనలో ఆమె పేరు తెలిసినవాళ్లెందరు?

పొద్దు వుంటే ఫణిగిరి కూడా చూపించండి. సూర్యాపేట నుంచి జనగామ వెళ్లే వైపు, పాము పడగలా కనిపించే గుట్ట అది. గుట్ట మీద బౌద్ధ స్తూపం, విహారాలు. 1941, 44 మధ్య మొదటిసారి తవ్వారు. 2000 తర్వాత మళ్లీ తవ్వితే అద్భుతమైన శిల్పాలు బయటపడ్డాయి. వాటిలో కొన్ని 2023లో అమెరికా వెళ్లి న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు నిలిచాయి. అక్కడి జనం టిక్కెట్టు కొనుక్కుని వరసలో నిలబడి చూశారు. 2024లో అదే గుట్ట మీద ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. "మా ఊళ్లో చూడ్డానికేముంది" అనే మాట ఫణిగిరి వాళ్లు ఇక అనలేరు. నిజానికి మనమెవ్వరం అనలేం.

స్నేహితురాలిని సూర్యాపేటలో హైదరాబాదు బస్సు ఎక్కించేటప్పుడు ఒక మాట చెప్పి పంపండి. "నకిరేకల్ వచ్చినప్పుడు ఒక్కసారి రాణీ రుద్రమను తలుచుకోవే" అని. ఆ పక్కనున్న చందుపట్లలో దొరికిన శాసనం రుద్రమదేవి మరణం గురించి మనకున్న గొప్ప ఆధారం. తేదీ 1289 నవంబరు 27. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి వెళ్లారనీ, వారి పుణ్యం కోసం పువ్వుల ముమ్మడి అనే అతను భూమి దానం చేశాడనీ అందులో వుంది. అంత పెద్ద మహారాణి ఎప్పుడు కన్నుమూసిందన్నది ఒక పల్లెటూరి రాయి చెబితేనే లోకానికి తెలిసింది. ఆ రాయిని ఎవరైనా బట్టలుతుక్కునే బండగానో, గడప ముందు మెట్టుగానో వేసుకుని వుంటే? అలా అరిగిపోయిన శాసనాలు మన పల్లెల్లో ఎన్ని లేవు!

అక్కచెల్లెళ్లారా, ఇప్పుడు ఆ తట్టలు మోసిన తల్లుల దగ్గరికి మళ్లీ వస్తాను.

బోధిసిరి రాయించుకుంది, ఎరకసాని పేరు పెట్టుకుంది, రుద్రమ కోసం ఎవరో దానం చేసి రాయి నిలిపారు. రాయి ఎత్తించగల స్తోమత వున్నవాళ్ల సంగతి మనకు అలా చేరింది. సాగర్ దగ్గర రాళ్లు మోసినవాళ్లకూ, కళ్లాల మీద ధాన్యం తిరగేసినవాళ్లకూ, మునిగిన ఊరి నుంచి మూటా ముల్లే సర్దుకుని వచ్చేసిన ఇల్లాళ్లకూ శాసనాలు ఎవరు వేయిస్తారు? కాలవ వచ్చాక గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ రైతు కుటుంబాల కోడళ్లు, కొత్తచోట, కొత్త యాసల మధ్య సంసారం ఎలా నిలబెట్టుకున్నారో ఏ పుస్తకంలో వుంది?

అది వాళ్ల నోట్లోనే వుంది. 1967లో ఇరవై ఏళ్ల వయసున్న ఆమె ఇప్పుడు ఎనభైకి దగ్గర పడింది. కొందరు వెళ్లిపోయారు. వున్నవాళ్లు మన ఇళ్లలోనే, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. మనం మందు బిళ్ల ఇచ్చి, భోజనం పెట్టి, మన పనిలో మనం పడిపోతున్నాం.

అడిగితే ఏం జరుగుతుందో తెలియడానికి ఒక మంచి ఉదాహరణ వుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లను స్త్రీశక్తి సంఘటన వారు ఊరూరా వెతుక్కుంటూ వెళ్లి అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుని 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకం తెచ్చారు. ఫణిగిరి వైపే వున్న తుంగతుర్తి ప్రాంతంలో, కరివిరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యంగారు తన జీవితకథను చెబితే అది 2019లో పుస్తకంగా వచ్చింది. ఆమె 2022 మార్చిలో కన్నుమూశారు. ఆ మూడేళ్ల ముందు ఎవరో కూర్చుని వినబట్టి సరిపోయింది. లేకపోతే ఆ మాటలన్నీ ఆమెతోనే పోయేవి.

మన అత్తగారు తుపాకీ పట్టకపోవచ్చు. మొదటిసారి కాలవలో నీళ్లు వచ్చిన రోజు ఏం చేసిందో, తొలి వరి కోత నాడు ఎవరెవరు అన్నం తిన్నారో, రోలు, రోకలి పక్కన పెట్టి ధాన్యం మిల్లుకు పంపిన రోజు చేతులకు ఎంత సుఖంగా అనిపించిందో చెప్పగలదు. అదీ చరిత్రే. చుట్టం వచ్చినప్పుడు ఆమెను కూడా మాటల్లోకి పిలవండి. మనం అడిగితే "నీకెందుకులే, ఆ పాత గోల" అంటుంది గాని, కొత్త మనిషి అడిగితే ముచ్చటపడి చెబుతుంది. ఆ పూట పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకోండి. పిల్లల చేత ఫోనులో ఆ మాటలు రికార్డు చేయించండి. ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎవరి పేరు అన్న మూడూ తప్పకుండా రాయించండి.

ఇంకా మన చేతిలో వున్న చిన్న చిన్న పనులు కొన్ని వున్నాయి. గుడికి వెళ్లినప్పుడు శాసనాల మీద, శిల్పాల మీద సున్నం, రంగు పూయించకండి. పూస్తామన్న కమిటీ వాళ్లకు వద్దని చెప్పండి. అక్షరాలున్న రాయి కనిపిస్తే దాని మీద పసుపు, నూనె పులమకండి. లంకెబిందెలున్నాయని పాత గుళ్లలో గోతులు తీసేవాళ్ల సంగతి తెలిస్తే ఊరుకోకుండా నలుగురికీ చెప్పండి. మీ పిల్లలు స్తంభం మీద మేకుతో పేరు గీస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపండి. పేరు నిలబడాలంటే ఎరకసానిలా ఏదైనా కట్టమనండి!

మీది మిర్యాలగూడే కానక్కర్లేదు. ఏ ఊరైనా సరే, ఈసారి ఎవరైనా వస్తామంటే "రండి, మా ఊళ్లో చూడ్డానికి చాలా వున్నాయి" అనండి. ఆమె వచ్చేలోపు ఒక్క సాయంత్రం మీ ఇంట్లో పెద్దావిడ పక్కన కూర్చుని, ఆ చుట్టం అడగబోయే ప్రశ్నలే మీరు ముందుగా అడిగి వుంచండి.